పాత తాళంకప్ప, ఇనప్పెట్టె ఎవరు చేశారో తెలియట్లేదా? తోమే ముందు ఇది చూడండి

మా తాతగారి కొబ్బరి కొట్టుకి ఒక ఇత్తడి తాళంకప్ప ఉండేదండి, అరచేతి నిండా వచ్చేది, మంచి బరువు. చిలుము పట్టిందని పాలిష్ చేసే చోట ఇస్తే బఫింగ్ చక్రం మీద పెట్టి అద్దంలా మెరిపించి ఇచ్చారు, కానీ కన్నం మూత మీద ఉన్న అక్షరాలన్నీ పోయాయి. చిన్నప్పుడు వేలితో తడిమిన గుర్తు, చివర "అండ్ సన్స్" అని ఉండేది, దాని ముందున్న పేరు ఇంక ఎప్పటికీ తెలీదు. ఇప్పుడు అంబాజీపేట, అమలాపురం వైపు మండువా లోగిళ్ళు పడగొడుతుంటే ఇలాంటివి ఎన్నో తూకానికి పోతున్నాయి, అందుకే నాకు తెలిసినంత రాస్తున్నా.

సమస్య: తాళం మీద ఏదో ఉంది గానీ చదవడానికి రావట్లేదు

కారణం చాలాసార్లు మట్టి, చిలుము, లేదా ఎవరో వేసిన పెయింటు. చింతపండు, ఎమెరీ పేపరు రెండూ పక్కన పెట్టెయ్యండి. గది చీకటి చేసి టార్చి లైటు తాళానికి పక్కనుంచి, దాదాపు పడుకోబెట్టినట్టు వెయ్యండి, ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు గానీ పక్కనుంచి వేస్తే లోతుగా ఉన్న గీతల్లో నీడ పడి అక్షరం లేచొస్తుంది, అప్పుడు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి జూమ్ చేసి చూస్కోండి. అప్పటికీ తేలకపోతే పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి, లేదంటే సుద్దపొడి రాసి పైపైన గుడ్డతో తుడిచేస్తే అక్షరాల గుంటల్లో తెల్లగా మిగిలిపోతుంది. నేను ముందు చూసేది కన్నం మీద అటూ ఇటూ జరిగే చిన్న మూత, తర్వాత దాని వెనక వైపు, తర్వాత కొంకి మీద, అంచుల మీద, ఆఖర్న తాళంచెవి తల మీద. చెవి మీద పేరుంటే సంతోషమే కానీ చెవి మధ్యలో మార్చినదేమో చూస్కోవాలి.

సమస్య: అక్షరాలు చక్కగా కనపడుతున్నాయి, కానీ అది పేరేనా?

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. "సెక్యూర్", "పేటెంట్", "సిక్స్ లివర్స్" ఇవేవీ కంపెనీ పేర్లు కాదండి, తాళం ఎలాంటిదో చెప్పే మాటలు (లివర్లంటే చెవి తిప్పినప్పుడు లోపల లేచే చిన్న రేకులు). కిరీటం కింద వి.ఆర్. అని ఉంటే అది విక్టోరియా రాణి గుర్తు, జి.ఆర్. అంటే జార్జి రాజు, చేసినవాళ్ళ ఇంటిపేరు కాదు. అసలు పేరే లేని తాళాలూ బోలెడు, ఇంగ్లండులో విల్లెన్‌హాల్ అనే ఊరి నిండా చిన్న చిన్న తాళాల కార్ఖానాలుండేవి, వాళ్ళు చేసిన సరుకు వేరేవాళ్ళ పేరుతోనో అసలు పేరు లేకుండానో అమ్ముడైపోయేది. "ఆర్‌డి నంబర్" అని ఉంటే మాత్రం వదలొద్దు, బ్రిటన్‌లో డిజైన్ రిజిస్టర్ చేసినప్పుడు ఇచ్చే నంబరు అది, 1884లో ఒకటి నుంచి మొదలైంది, 1890 మొదటికి 1,41,000 దాటింది, 1900 మొదటికి 3,51,000 దాటింది. అది డిజైన్ వయసే, మీ తాళం అదే ఏడు చేసిందని కాదు, అంతకంటే పాతది కాదని మాత్రం తేలుతుంది.

మన దేశపు తాళాలైతే ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ గుర్తుంచుకోండి, అక్కడ జాన్సన్ కంపెనీ వాళ్ళు 1870లో ఇంగ్లండు తాళాలు తెప్పించి అమ్మడంతో మొదలుపెట్టి 1890లో అక్కడే తయారీ పెట్టారు. మామిడికాయ ఆకారంలో ఉంటే తమిళనాడులోని దిండిగల్ వైపు ఆలోచించండి.

సమస్య: తాళం మీద ఈస్టిండియా కంపెనీ అని, పాత సంవత్సరం కూడా ఉంది

ఎక్కువగా అలంకారానికి కొత్తగా పోతపోసినవండి ఇవి. ఎలా తెలుస్తుందంటే, నిజంగా వాడిన తాళానికి కన్నం చుట్టూ చెవి తగిలి తగిలి అరుగుతుంది, కొంకి లోపలి వంపు గొళ్ళెం రాపిడికి సన్నబడుతుంది, అక్షరాలు అచ్చుతో కొట్టినట్టు లోతుగా ఉంటాయి. కొత్తదానికి అక్షరాలు పోతలోనే మొద్దుగా వచ్చేస్తాయి, ఒళ్ళంతా సన్నటి గుంటలుంటాయి, మసి మాత్రం అన్ని చోట్లా ఒకేలా పూసి ఉంటుంది. కొనేముందు కొంకి లోపల వేలు పెట్టి చూడండి, అదొక్కటీ చాలాసార్లు చాలు.

సమస్య: ఇనప్పెట్టెకి పేరు రేకు లేదు

తలుపు మీద రెండు మేకు కన్నాలు మాత్రమే మిగిలితే రేకు ఎవరో పీకేశారు. ఏమీ లేకపోతే పెయింటు కింద ఉండొచ్చు, ఏటా సంక్రాంతికి రంగెయ్యడం మనకి అలవాటు కదా, గీకకుండా గోటితో తడమండి, అంచు తగులుతుంది. తర్వాత పిడి, ఇత్తడి కన్నం మూత, తలుపు తెరిచాక లోపలున్న తాళం పెట్టె, అన్నీ చూడండి, బయట పోయినా లోపల పేరు, నంబరు మిగులుతాయి. మద్రాసు, కలకత్తా, కాకినాడ అని ఊరి పేరుతో రేకుంటే అది అమ్మిన కొట్టువాళ్ళది కావచ్చు, తయారీ పేరు ఇంకోచోట వెతకండి.

చబ్, హాబ్స్ హార్ట్, మిల్నర్ ఇవన్నీ ఇంగ్లండు కంపెనీలు. చబ్ పెట్టెకి దాని మీదున్న లండన్ అడ్రసే వయసు చెప్తుంది, 57 సెయింట్ పాల్స్ చర్చ్‌యార్డ్ అంటే పాతది, 128 క్వీన్ విక్టోరియా స్ట్రీట్ అంటే తర్వాతది. హాబ్స్ హార్ట్ వాళ్ళది 76 చీప్‌సైడ్, మిల్నర్ వాళ్ళది లివర్‌పూల్. గోద్రెజ్ 1897లో బొంబాయి లాల్‌బాగ్‌లో తాళాలతో మొదలైంది, "గోద్రెజ్ అండ్ బాయిస్" పక్కన "లిమిటెడ్" కూడా ఉంటే 1932 తర్వాతది, బొంబాయి శివారు విఖ్రోలి పేరుంటే ఇంకా ఇటీవలిది.

సమస్య: సరైన చెవే, కానీ సగంలో బిగుసుకుపోయింది

ఇది చబ్ డిటెక్టర్ తాళం అయ్యుండొచ్చు, పాడవ్వలేదు. 1818లో జెరెమయా చబ్ పేటెంట్ చేసింది, ఎవరైనా వేరే చెవి పెట్టి కెలికితే ఒక లివరు మరీ పైకి లేచి అక్కడే పట్టేస్తుంది, యజమానికి కెలికిన సంగతి తెలియడానికే ఆ ఏర్పాటు. అసలు చెవి పెట్టి ముందు మూసే వైపుకి తిప్పండి, పట్టు వదిలాక తెరిచే వైపుకి తిప్పితే వస్తుంది. అలా వదిలిందంటే మీకు సగం గుర్తింపు దొరికినట్టే. సుత్తి తియ్యకండి, కొబ్బరినూనె పొయ్యకండి, అది లోపల జిగురైపోయి లివర్లన్నీ అంటుకుపోతాయి, పెన్సిల్ ములుకు పొడి కొద్దిగా ఊదితే చాలు.

సమస్య: పెట్టె అంచుల్లోంచి తెల్లటి పొడి, అడుగున తుప్పు ఉబ్బులు

మా బంధువులింట్లో పెట్టె 1986 ఆగస్టు గోదావరి వరదలో మునిగింది, ఇప్పటికీ వానాకాలం వస్తే అంచులు చెమ్మగిల్లుతాయి. పాత ఇంగ్లీషు పెట్టెల్లో రెండు రేకుల మధ్య పటిక, రంపపు పొట్టు కూరేవారు, మంటల్లో వేడెక్కితే పటికలోని నీరు ఆవిరై కాగితాల్ని కాపాడుతుంది. అదే పటిక తడి తగిలితే ఇనుముని లోపల్నుంచి తినేస్తుంది. పెట్టెని నేల మీంచి లేపి కొయ్యదిమ్మెల మీద పెట్టండి, గోడకి జానెడు దూరం ఉంచండి, నీళ్ళతో కడగొద్దు. కన్నం పెట్టి చూద్దామనుకోవద్దు, కొన్నిటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. ఈ పటిక జాడ కూడా ఒక ఆనవాలే, రేకు పోయిన పెట్టె అయితే ఫోటోలతో పాటు ఆ పొడి ఎక్కడెక్కడ రాలుతుందో కూడా రాసి పెట్టుకోండి.