ఒకే ఐపీ నుంచి వరసగా ‘యూజర్ అన్‌నోన్’: సమస్య - పరిష్కారం

సమస్య: తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మా మామయ్యకు లాడ్జి ఉంది. దాని పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్ నేనే చూసుకుంటాను. బ్రహ్మోత్సవాల ముందు గదుల కోసం మెయిళ్లు ఎక్కువగా వచ్చే రోజుల్లోనే స్పామ్ ముంచెత్తింది. ఒక కుటుంబం పంపిన బుకింగ్ ఆ చెత్తలో కలిసిపోయింది. పిల్లలతో వచ్చి రిసెప్షన్ ముందు నిలబడితే ఇవ్వడానికి గది లేదు. ఆ రాత్రే సర్వర్ లాగ్ (జరిగినవన్నీ నమోదయ్యే ఫైలు) తెరిచాను. ఒకే ఐపీ (నెట్‌లో కంప్యూటర్ చిరునామా) నుంచి పదుల కొద్దీ ‘550 5.1.1 యూజర్ అన్‌నోన్’, అంటే ‘ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు’ అనే వరసలు.

కారణం: చిరునామాల వేట. పేర్ల జాబితా పట్టుకుని ఒక్కో పేరూ సర్వర్‌ని అడుగుతారు. లేని పేరుకు 550 (తిరస్కరణ), ఉన్న పేరుకు 250 (సరే) అని జవాబు వస్తుంది. ఒక్క మెయిలూ పంపకుండా 250 వచ్చినవి రాసుకుపోతారు. వెంకటేష్, శ్రీనివాస్ లేని ఆఫీసు మన ఊళ్లో ఎక్కడుంది? ఊహించడం తేలిక.

పరిష్కారం: ఏ పేరుకు వచ్చినా ఒకే పెట్టెలో పడేలా క్యాచ్-ఆల్ పెట్టమని చాలామంది చెబుతారు. దయచేసి పెట్టకండి. అప్పుడు ప్రతి ఊహా నిజమవుతుంది, స్పామ్ ఇంకా పెరుగుతుంది. ముందు తీసుకుని తర్వాత బౌన్స్ చేయడం (చేరలేదని పంపిన చిరునామాకు తిరుగు మెయిల్ పంపడం) మరీ ప్రమాదం. స్పామర్లు వాడేది దొంగ చిరునామా కాబట్టి ఆ బౌన్స్ సంబంధం లేనివాళ్లకు చేరుతుంది, మన ఐపీ బ్లాక్‌లిస్టుకెక్కుతుంది. లేని పేరును గుమ్మంలోనే 550తో తిప్పి పంపడమే సరైనది. అడిగేవాడిని మాత్రం అలసిపోయేలా చేయాలి.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్‌లో వీఆర్ఎఫ్‌వై కమాండ్‌ని ఆపేయండి. పేరుందో లేదో నేరుగా అడిగే దారి అది, మామూలుగా తెరిచే ఉంటుంది. ఒక కనెక్షన్‌లో ఎన్ని తప్పులు ఓర్చుకోవాలో చెప్పే పరిమితులు మామూలుగా సాఫ్ట్ 10, హార్డ్ 20 ఉంటాయి. నేను 3, 6 చేశాను. సాఫ్ట్ దాటితే జవాబు ఆలస్యమవుతుంది, హార్డ్ దాటితే కనెక్షన్ తెగిపోతుంది. మళ్లీ మళ్లీ వచ్చే ఐపీని ఫెయిల్‌2బ్యాన్ అనే విడి ప్రోగ్రామ్ లాగ్ చూసి అడ్డుకుంటుంది.

పోస్ట్‌ఫిక్స్‌ని రీలోడ్ చేశాక లాగ్‌లో ‘టూ మెనీ ఎర్రర్స్’ కనబడితే టెన్షన్ పడకండి, పని చేస్తోందన్నమాట.

ఇప్పటికే చేజారిన చిరునామాలకు ఇవేవీ పనికిరావు. బుకింగ్‌కి ఊహకందని కొత్త చిరునామా తీసి, పాతదాన్ని కొన్నాళ్లు రోజూ చూసి, పాత అతిథులందరికీ చెప్పాకే మూసేశాం.