సీమ నుంచి లైట్‌హౌస్ చూడబోయేవారికి

కొండారెడ్డి బురుజు చూసిన కళ్లకు లైట్‌హౌస్ ఒక పట్టాన అర్థం కాదు. కర్నూలు కోటలో మిగిలిన ఆ బురుజైనా, గుత్తి కొండ మీది బురుజులైనా పైనున్న కావలివాడు దూరానికి చూడడానికి కట్టినవి. లైట్‌హౌస్ అందుకు తలకిందులు. సముద్రం మీద ఉన్నవాడికి తాను కనపడడానికే అది నిలబడి ఉంటుంది. మన వైపు దానికి దగ్గరి చుట్టం బురుజు కాదు, కార్తీక మాసంలో శివాలయాల్లో ధ్వజస్తంభానికి ఎత్తే ఆకాశదీపం. అందుకని పగలు ఎక్కి, నాలుగు ఫోటోలు తీసుకుని వచ్చేస్తే సగమే చూసినట్టు. పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూసేలా ప్రయాణం పెట్టుకోవాలి.

కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల వారికి మొదటి యాత్రకు చెన్నై అనువైనది. కడప నుంచి రోడ్డు మీద సుమారు 260 కిలోమీటర్లు. రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా రైలూ ఉంది. అక్కడ దీపం ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో ఆ వరుసలోనే చూడడం మంచిది. 1796లో సెయింట్ జార్జ్ కోటలో, ఇప్పుడు మ్యూజియం ఉన్న భవనం మీద కొబ్బరినూనెతో వెలిగే దీపాలు పెట్టారు. 1844లో దీపం, నేటి హైకోర్టు ఆవరణలో ఉన్న సుమారు 125 అడుగుల రాతి స్తంభం మీదికి వెళ్లింది. ఆ పక్కనే అంతకంటే ఎత్తుగా హైకోర్టు లేచాక, 1894లో దాని గుమ్మటం మీదికి ఎక్కింది. 1977లో మెరీనా ఒడ్డున ఎరుపు తెలుపు పట్టీల కొత్త లైట్‌హౌస్‌కు చేరింది. కోర్టు ఆవరణలోకి వెళ్లనివ్వడం, వెళ్లనివ్వకపోవడం భద్రతా సిబ్బంది ఇష్టం. అనుమతి దొరకకపోతే వాదించకుండా వీధిలో నిలబడి గుమ్మటాన్ని చూసినా నష్టం లేదు.

మెరీనా లైట్‌హౌస్‌లో లిఫ్ట్ ఉంది కాబట్టి పెద్దవారినీ తీసుకుపోవచ్చు. సందర్శన వేళలు, సెలవులు మారుతూ ఉంటాయి. బయలుదేరే ముందే కనుక్కోవడం మేలు. మెట్లెక్కవలసిన లైట్‌హౌస్‌లలో చివరి అంచె సాధారణంగా నిట్టనిలువు ఇనుప నిచ్చెన, తలవంచి దూరవలసిన చిన్న తలుపు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. నేను ఒకసారి జారే చెప్పులతో, చేతిలో నీళ్ల సీసాతో ఎక్కి, దిగేటప్పుడు ప్రతి మెట్టుకూ దేవుణ్ణి తలుచుకున్నాను.

పైకి వెళ్లగానే అందరూ సముద్రం వైపు తిరుగుతారు. ఎక్కడైనా పాత దీపపు గదిని చూడనిస్తే ముందు అటు తిరగండి. పాత లైట్‌హౌస్‌ల గొప్పతనమంతా అక్కడి కటకంలోనే, అంటే లెన్స్‌లోనే ఉంది. కోనేటి మెట్లలాగా వలయాలు వలయాలుగా పేర్చిన గాజు అది. మందపాటి కటకంలో వెలుగును వంచే పని ఉపరితలపు వంపుదే కనుక, ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు మధ్యలోని బరువును తీసేసి వంపును మాత్రం మెట్లుగా మిగిల్చాడు. 1823లో ఫ్రాన్సులోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో దాన్ని మొదట వెలిగించారు. అంతవరకూ చుట్టూ చెదిరిపోతున్న వెలుగు ఒక్క దిక్కుకు ఒదిగింది. పెద్ద కటకాలను పాదరసపు తొట్టెలో తేల్చేవారు. టన్నుల బరువున్న గాజు కూడా చేత్తో నెడితే తిరిగేది. పగలు గదికి తెరలు ఎందుకు వేస్తారో అక్కడివారిని అడిగి చూడండి. వెలుగును బయటికి పంపే గాజు, ఎండను లోపలికి గుచ్చి నిప్పు పుట్టించగలదు. ఆ గాజును వేలితో ముట్టుకోకూడదు.

ఎత్తు లెక్క కూడా అక్కడే వేసుకోవచ్చు. దీపం నీటి మట్టానికి 50 మీటర్ల ఎత్తున ఉంటే, భూమి వంపు వల్ల నీటి మీదున్న కంటికి అది సుమారు 25 కిలోమీటర్ల దాకా కనపడుతుంది; ఓడ పైఅంతస్తులో ఉన్నవాడికి ఇంకా దూరం నుంచి.

పొద్దు గుంకాక ఒడ్డున, వీధిదీపాలు కంట్లో పడని చోట కూర్చోండి. మెరుపుల వరుస మొదలవగానే మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టి, మళ్లీ అదే వరుస మొదలయ్యేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో, మధ్యలో ఎన్ని మెరుపులు వచ్చాయో కాగితం మీద రాసుకోండి. అలా మూడుసార్లు చేయండి. మూడుసార్లూ ఒకే లెక్క వస్తే అదే ఆ దీపపు గుర్తు. పగలు రంగు పట్టీలు చేసే పనిని రాత్రి ఆ లెక్క చేస్తుంది. నావికుడు తన పుస్తకంలో దాన్ని చూసి తాను ఏ ఊరి ముందు ఉన్నాడో తేల్చుకుంటాడు.

మరునాడు వీలైతే మహాబలిపురం వెళ్లండి. అక్కడ 1904లో వెలిగిన రాతి లైట్‌హౌస్‌కు పక్కనే, మహిషాసురమర్దిని గుహ నెత్తిన పల్లవుల నాటి శివాలయం ఉంది. కొత్తది రాకముందు ఆ గుడి మీదే దీపం పెట్టేవారు. అక్కడా చీకటి పడేదాకా ఆగి లెక్కపెట్టండి. ముందు రాత్రి కాగితంతో అది కలవదు, కలవకూడదు కూడా.