నెల్లూరు–ఒంగోలు దారిలో ఇండికేటర్లు, లైట్లు, క్రూయిజ్ కంట్రోల్ వాడే తీరు

గంటకు 80 కి.మీ. వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు దాటేస్తుంది. వంద మీద ఉంటే దాదాపు 28 మీటర్లు. ఈ రెండు అంకెలు మనసులో ఉంటే ఇండికేటర్ ఎంత ముందు వేయాలో, ఎక్కడ నెమ్మదించాలో, క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ మీద కాలు తీసినా పెట్టిన వేగం నిలిపే ఏర్పాటు) ఎప్పుడు తీసేయాలో లెక్క దానంతటదే వస్తుంది. కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి తిన్నగా, నున్నగా ఉంటుంది. అందుకే కారు ఎంత జోరుగా పోతోందో లోపల కూర్చున్నవాళ్లకు తెలియదు. అదే రోడ్డు మీదికి రాంగ్ రూట్లో బైకులొస్తాయి, డివైడర్ సందులో నుంచి ట్రాక్టర్లు దూరతాయి, పక్కన వెనక లైటు లేకుండా లారీలు ఆగి ఉంటాయి.

ఇండికేటర్

మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ కాడ స్టీరింగ్‌కు కుడివైపు ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో ఎడమవైపు. కారు మారినవాళ్లు ఇండికేటర్ అనుకుని వైపర్ ఆన్ చేసేది ఇందుకే. బండి కదిలించక ముందే ఒకసారి అటూ ఇటూ వేసి చూసుకోండి.

వరుస మారేటప్పుడు క్రమం ఇది: అద్దంలో చూడాలి, ఇండికేటర్ వేయాలి, మళ్లీ అద్దం చూడాలి, భుజం మీదుగా ఒక చూపు చూసి అప్పుడు స్టీరింగ్ తిప్పాలి. రెండోసారి చూడడం చాలామంది వదిలేస్తారు. మీరు ఇండికేటర్ వేశాక వెనకున్నవాడు తగ్గాడా, ఇంకా తొక్కాడా అన్నది తెలిసేది ఆ రెండో చూపులోనే. హైవే మీద వరుస మారడానికి కనీసం 5 సెకన్ల ముందు ఇండికేటర్ పడాలి. 80 వేగంలో అది 110 మీటర్లు. సర్వీసు రోడ్డులోకి దిగాలంటే పది సెకన్లు, అంటే 200 మీటర్ల పైచిలుకు ముందే వేసి, ఎడమ వరుసలోకి వచ్చేసి, ఆ తర్వాతే బ్రేకు నొక్కాలి. ముందు బ్రేకు నొక్కి ఆ తర్వాత ఇండికేటర్ వేస్తే వెనకున్న లారీకి మిగిలే సమయం సగమే.

ఊళ్లో లెక్క వేరు. నెల్లూరు ట్రంక్ రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో 40 మీద పోతుంటే సెకనుకు 11 మీటర్లే. మలుపుకు 30, 40 మీటర్ల ముందు వేస్తే చాలు. మరీ ముందుగా వేసినా చిక్కే. మీ సందుకు ముందు పెట్రోలు బంకో ఇంకో సందో ఉంటే, మీరు అందులోకి తిరుగుతారనుకుని లోపలున్నవాడు బండి బయటికి తీస్తాడు. ఆ దారి దాటాకే ఇండికేటర్ వేయండి.

చాలా కార్లలో కాడను కొద్దిగా తాకి వదిలితే ఇండికేటర్ మూడుసార్లు మాత్రమే కొడుతుంది. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టాలన్నది ప్రమాణం. సగటున 90 అనుకుంటే మూడు దెబ్బలకు పట్టేది రెండు సెకన్లే. హైవే మీద అది చాలదు. కాడను పూర్తిగా నొక్కి, పని అయ్యాక మీరే తీయాలి. స్టీరింగ్ బాగా తిరిగి వెనక్కి వచ్చినప్పుడే ఇండికేటర్ తనంతట తాను ఆగుతుంది. వరుస మారినప్పుడు, ఫ్లైఓవర్ పక్క దారిలోకి దిగినప్పుడు స్టీరింగ్ తిరిగేది కొంచెమే కాబట్టి అది అలాగే కొట్టుకుంటూ ఉంటుంది. పది కిలోమీటర్లు కుడి ఇండికేటర్ వేసుకుని పోయే కారు వెనకవాళ్లకు చెప్పేది అబద్ధమే.

డివైడర్ సందులో యూ టర్న్ తీసుకోవాలంటే 200 మీటర్ల ముందే కుడి వరుసలోకి చేరి, ఇండికేటర్ వేసి, బ్రేకు లైటు వెనకవాళ్లకు కనపడేలా మెల్లగా తగ్గాలి. ఎడమ వరుస నుంచి ఒక్కసారిగా అడ్డంగా కోయకూడదు.

ముందు పోయే లారీ కుడి ఇండికేటర్ వేస్తే అర్థం ఒకటి కాదు. కొందరు ‘నేను కుడికి తిరుగుతున్నా’ అని వేస్తారు, కొందరు ‘ఎదురుగా బండి వస్తోంది, దాటొద్దు’ అని, ఇంకొందరు ‘నువ్వు పో’ అని. దాన్ని నమ్ముకుని ఓవర్‌టేక్ చేయొద్దు. ఎదురు రోడ్డు మీ కళ్లకు ఖాళీగా కనపడితేనే దాటండి.

నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టే హజార్డ్ లైట్లు ఆగిన బండికి. కూడలిలో ‘నేను నేరుగా పోతున్నా’ అని చెప్పడానికి వాటిని వేసే అలవాటు మనవైపు బాగా పాతుకుపోయింది. ఎడమ పక్క నుంచి వచ్చేవాడికి మీ కారు ఎడమ లైటు ఒక్కటే కనిపిస్తుంది, మీరు అటు తిరుగుతున్నారనుకుని ముందుకొచ్చేస్తాడు. నేరుగా పోయేవాడు ఏ లైటూ వేయనక్కర్లేదు. వానలో హజార్డ్ వేసుకుని పోయినా అదే నష్టం: మీరు వరుస మారాలనుకున్నప్పుడు చెప్పడానికి ఇండికేటర్ మిగలదు.

బండి చెడి ఆగితే హజార్డ్ వేసి, ఎర్ర త్రికోణం కనీసం 50 మీటర్లు వెనక పెట్టండి. హైవే అయితే అంతకు రెట్టింపు దూరం మేలు. దాన్ని పెట్టడానికి నడిచేటప్పుడు వచ్చే బండ్లకు ఎదురుగా చూస్తూ రోడ్డు అంచునే నడవాలి. అందరినీ ఎడమవైపు తలుపుల నుంచి దింపి, రెయిలింగ్ అవతల నిలబెట్టి, 1033కు ఫోన్ చేయండి. అది జాతీయ రహదారుల సహాయ నంబరు.

లైట్లు

రాత్రి పూట ఎంత వేగంతో పోవచ్చో చెప్పేది స్పీడోమీటర్ కాదు, లైటు పడే దూరం. లో బీమ్‌లో, అంటే కిందికి దించిన దగ్గరి వెలుగులో, మామూలు హెడ్‌లైటు 40 నుంచి 60 మీటర్ల వరకే స్పష్టంగా చూపిస్తుంది. డ్రైవరుకు తేరుకోవడానికి సెకనున్నర పట్టిందనుకుంటే, పొడి రోడ్డు మీద 60 వేగంలో బండి ఆగడానికి 45 మీటర్లు కావాలి. 80లో దాదాపు 70, వందలో దగ్గర దగ్గర వంద మీటర్లు. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. అంటే లో బీమ్ మీద 80లో పోతున్నవాడు, లైటు లేని లారీ కనపడిన చోట ఎంత తొక్కినా ఆగలేడు. చిన్న గాయంతో పోయే ప్రమాదాలు కావివి. చీకట్లో లో బీమ్ తప్పనిసరైతే వేగం 60కి దించండి, వేరే మందు లేదు.

అందుకే, ముందు ఎవరూ లేనప్పుడు హై బీమ్ (దూరం పడే వెలుగు) వాడాలి. హైవేలో డివైడర్ మీద గన్నేరు చెట్లు గుబురుగా ఉన్నచోట ఎదుటివాడికి ఇబ్బంది ఉండదు. చెట్లు ఎండిపోయిన చోట్ల, మీ ముందు 150 మీటర్లలోపు ఇంకో బండి ఉన్నప్పుడు డిమ్ చేయాలి, లేకపోతే అతని అద్దాల్లో మీ వెలుగే నిండిపోతుంది. చీమకుర్తి, పొదిలి వైపు గ్రానైటు లారీలు తిరిగే రోడ్డు మీద, నెల్లూరు నుంచి ఆత్మకూరు, ఉదయగిరి పోయే దారిలో డివైడర్ లేని చోట్ల, ఎదురు బండి లైట్లు కనపడగానే డిమ్ చేయండి. అవతలివాడు డిమ్ చేయకపోతే రెండుసార్లు డిప్పర్ కొట్టి (హై బీమ్ వేసి తీసి) గుర్తు చేయండి. అయినా చేయకపోతే మీరూ హై బీమ్ వేసి పగ తీర్చుకోవద్దు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, చూపు రోడ్డు ఎడమ అంచున తెల్ల గీత మీద పెట్టి, ఆ బండి దాటేదాకా అలాగే పోండి. అది దాటాక కూడా కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. నడిచేవాళ్లు, సైకిళ్లు కనపడకుండా పోయేది ఆ సెకన్లలోనే.

డిప్పర్ కొట్టడమంటే మనవైపు ‘నేను వస్తున్నా, నువ్వు ఆగు’ అనే. ఎదుటివాడు దారిస్తున్నాడనుకుని ముందుకు పోకండి.

డ్యాష్‌బోర్డు మీద ఉండే, హెడ్‌లైటు వెలుగు ఎత్తు మార్చే 0, 1, 2, 3 అంకెల చక్రం చాలామంది ముట్టనే ముట్టరు. వెనక బరువు పడితే కారు ముక్కు పైకి లేచి, లో బీమ్ కూడా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. డ్రైవరు ఒక్కడే ఉంటే 0, వెనక సీటు నిండితే 1, దానికి తోడు డిక్కీలో ఉలవపాడు మామిడి పెట్టెలు కూడా పడితే 2. డ్రైవరు ఒక్కడే, డిక్కీ మాత్రం నిండుగా ఉంటే 3. అంకె పెరిగితే వెలుగు కిందికి దిగుతుంది. కారును బట్టి కాస్త తేడా ఉంటుంది, కారుతో వచ్చిన పుస్తకంలో చూసుకోండి.

వెలుగు సరైన ఎత్తులో పడుతోందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. టైర్లలో గాలి సరిగా ఉంచి, చదునైన చోట గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలిపి, చక్రం 0 మీద పెట్టి, లో బీమ్ వేయండి. హెడ్‌లైటు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దతో గీత గీయండి. వెలుగు పై అంచు ఆ గీతకు దాదాపు 5 సెంటీమీటర్లు కిందుండాలి. ఎడమ చివర కొంచెం పైకి వంగడం మామూలే, రోడ్డు అంచు కనపడటానికే ఆ ఏర్పాటు. అంచు గీతకు పైనుంటే ఎలక్ట్రీషియన్ దగ్గర స్క్రూ తిప్పించండి.

హెడ్‌లైటులో హాలోజన్ బల్బు పెట్టే గిన్నెలో (రిఫ్లెక్టర్) బజారు ఎల్‌ఈడీ బల్బు తగిలిస్తే వెలుగు పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ గిన్నె మాత్రం హాలోజన్ బల్బు లోపలి వెలిగే వైరు ఉండే చోటును బట్టి మలిచింది. వెలుగు పుట్టే చోటు మారితే వెలుగు పై అంచు చెదిరి, కాంతి నలుగురి కళ్లలోకి పోతుంది, దూరం మాత్రం కనపడదు. 60/55 వాట్ల బల్బు ఉండాల్సిన చోట 100 వాట్లది పెడితే వైరింగ్ వేడెక్కి హోల్డర్ కరుగుతుంది, గిన్నె నల్లబడుతుంది. కొత్త హాలోజన్ బల్బు గాజును వేలితో ముట్టకండి, వేలి నూనె అంటిన చోట వేడి ఎక్కువై బల్బు తొందరగా పోతుంది. వెలుగు తగ్గిందంటే ముందు చూడాల్సింది పచ్చబడ్డ హెడ్‌లైటు పైపొర. దాన్ని పాలిష్ చేయిస్తే చాలాసార్లు బల్బు మార్చే పనే ఉండదు.

పగలు ముందు వెలిగే డీఆర్‌ఎల్ లైట్లను చూసి హెడ్‌లైట్లు వేశామనుకోవద్దు. చాలా కార్లలో డీఆర్‌ఎల్‌తో వెనక లైట్లు వెలగవు. డ్యాష్‌బోర్డు ఎలాగూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి లోపలివాళ్లకు తెలియదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వానల్లో, మసక వేళల్లో, వెనక లైటు లేకుండా పోయే కార్లు ఇలాగే తయారవుతాయి. వైపర్ వేశారంటే హెడ్‌లైటు స్విచ్ కూడా తిప్పండి.

చలికాలం తెల్లవారుజామున పొలాల మీద మంచు కమ్ముకున్నప్పుడు హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడే కనిపిస్తుంది. లో బీమ్, ఫాగ్ లైట్లు వేసుకుని తగ్గించి పోండి. వెనక ఫాగ్ లైటు ఉంటే 100 మీటర్ల అవతల ఏమీ కనపడనప్పుడు మాత్రమే వేసి, మంచు విడగానే తీసేయండి. వానల తర్వాత వరిచేల పక్కన సాయంత్రం పురుగులు అద్దం నిండా అతుక్కుంటాయి. వైపర్ వేస్తే అంతా పులిమి ఎదుటి లైటు చెదిరిపోతుంది. ఆగి నీళ్లతో, గుడ్డతో తుడవండి. అద్దం లోపలివైపు కూడా తుడవాలి, ఆ పొర ఎవరికీ గుర్తుండదు.

లైట్లు ఇచ్చే సూచనలు

ఒకవైపు ఇండికేటర్ గబగబా కొడితే ఆ వైపు బల్బు ఒకటి పోయినట్టు. ఇండికేటర్లు, హజార్డ్ రెండూ రాకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. హజార్డ్ వస్తూ ఇండికేటర్ రాకపోతే కాడలోని స్విచ్‌ను అనుమానించండి, అయితే రెంటికీ వేరే ఫ్యూజులున్న కార్లలో ముందు ఫ్యూజే చూడండి. బ్రేకు నొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలుగుతుంటే వెనక లైటుకు ఎర్త్ సరిగా పట్టలేదు. సముద్రానికి దగ్గరగా, రొయ్యల లారీల ఉప్పునీళ్లు కారే రోడ్ల మీద తిరిగే కార్లకు ఇది మామూలు. హోల్డర్ తీసి చూస్తే రాగి మీద ఆకుపచ్చ పొర కనిపిస్తుంది. సన్నటి గరుకు కాగితంతో గీకి శుభ్రం చేయాలి.

క్రూయిజ్ కంట్రోల్

ముందు క్రూయిజ్ బటన్ నొక్కి ఆన్ చేయాలి. కాలితో కావాల్సిన వేగానికి తెచ్చి, సెట్ నొక్కి, యాక్సిలరేటర్ వదలాలి. చాలా కార్లలో గంటకు 30, 40 కి.మీ. దాటాకే ఇది పట్టుకుంటుంది. ప్లస్, మైనస్ ఒక్కోసారి నొక్కితే ఒకటి రెండు కిలోమీటర్లు మారుతుంది. బ్రేకు గానీ, గేరు బండిలో క్లచ్ గానీ నొక్కితే ఆగిపోతుంది.

డివైడర్‌తో నాలుగు వరుసలున్న రోడ్డు మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100, పట్టణ పరిధిలో 70. బోర్డు తక్కువ చెబితే బోర్డు మాటే. క్రూయిజ్‌కు 80, 85 హాయైన వేగం. పగటి పూట, పొడి రోడ్డు మీద, ముందు మూడు నాలుగు వందల మీటర్లు ఖాళీ ఉన్నప్పుడే వాడాలి. ఊరు దగ్గర పడగానే, టోల్ గేటు బోర్డు కనపడగానే తీసేయాలి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లు దాన్ని మరిచిపోవడమే మంచిది. మామూలు క్రూయిజ్ బ్రేకు వేయదు, దిగుడులో బండి మీరు పెట్టిన వేగం దాటి పోతుంది.

అసలు ప్రమాదం రెజ్యూమ్ బటన్‌తో. అది పాత వేగాన్ని గుర్తుపెట్టుకుంటుంది. టోల్ గేటు దాటాక ముందు లారీలు బారులు తీరి ఉన్నాయని చూడకుండా దాన్ని నొక్కితే బండి మళ్లీ 90కి లాగుతుంది. టోల్ తర్వాత ఎప్పుడూ కాలితోనే వేగం పెంచి, కొత్తగా సెట్ చేసుకోండి.

వానలో క్రూయిజ్ వద్దు. నీళ్లు నిలిచిన చోట టైరు నేలను వదిలి తేలితే మీరైతే కాలు తీస్తారు, క్రూయిజ్ మాత్రం వేగం పట్టి ఉంచాలని ఇంజన్‌ను తొక్కుతూనే ఉంటుంది. అలా తేలినట్టు అనిపిస్తే గట్టిగా బ్రేకు నొక్కొద్దు. క్యాన్సిల్ నొక్కి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, వేగం తగ్గనివ్వండి.

మామూలు క్రూయిజ్‌లో క్యాన్సిల్ లేక మైనస్ నొక్కి తగ్గితే వెనక బ్రేకు లైటు వెలగదు. వెనక బస్సు అతుక్కుని వస్తుంటే బ్రేకు మీద కాలు మెల్లగా ఆనించి తగ్గించండి. క్రూయిజ్ వేశాక కూడా కుడి పాదం బ్రేకు పెడల్‌కు ఎదురుగానే ఉండాలి. కాళ్లు ముడుచుకుని కూర్చుంటే సెకను పోతుంది, ఆ సెకనే 22 మీటర్లు.

ముందు బండిని బట్టి తగ్గి పెరిగే అడాప్టివ్ క్రూయిజ్‌ను నమ్ముకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కదిలే కారును అది బాగా పట్టుకుంటుంది. ఆగి ఉన్న లారీ, రోడ్డు దాటే గేదె, అంచున పోయే బైకు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ఆటో, వీటిని పట్టకపోవచ్చు. ముందు బంపర్ దగ్గర రాడార్ మీద బురద పడితే అది పనిచేయదు, ప్రతి పెద్ద ప్రయాణానికి ముందు తుడవండి.

క్రూయిజ్ ఉన్నట్టుండి పట్టడం మానేస్తే బ్రేకు లైట్లు చూడండి. బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్ చెడితే చాలా కార్లలో క్రూయిజ్ ఆన్ కాదు, బ్రేకు లైట్లు కూడా వెలగకపోవచ్చు. రాత్రి మూసిన షట్టరు వైపు బండి వెనక భాగం ఉండేలా నిలిపి బ్రేకు నొక్కితే, రెండు ఎర్ర వెలుగులూ షట్టరు మీద పడాలి. ఒకటే పడితే ఒక బల్బు పోయినట్టు. రెండూ పడకపోతే ముందు బ్రేకు లైట్ల ఫ్యూజు, తర్వాత పెడల్ దగ్గరి స్విచ్ చూపించి, అవి బాగయ్యేదాకా బండిని హైవే ఎక్కించకండి.