పాత యుద్ధ వర్ణనలు చదవడం – 4వ పాఠం: ఫిరంగులను లెక్కపెట్టకండి

పోయిన పాఠం చివర 1757 నాటి ప్లాసీ యుద్ధం లెక్క ఇచ్చాను. బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా వైపు సుమారు 50 ఫిరంగులు. ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవు వైపు 6 పౌండ్ల గుండు వేసేవి 8, హోవిట్జర్లు (గుండును ఎత్తుగా విసిరే పొట్టి ఫిరంగులు) 2. ఫిరంగుల్లో ఎవరిది పైచేయి అని అడిగితే దాదాపు అందరూ ఒకటే రాశారు: నవాబుదే, ఓడింది మాత్రం అతని సేనాని మీర్ జాఫర్ ద్రోహం వల్ల. ద్రోహం జరగలేదని ఎవరన్నారు? సైన్యంలో పెద్ద భాగం కదలనే లేదు. కానీ నేనడిగింది ఫిరంగుల సంగతి. ముట్టడి ఫిరంగుల పాఠం వచ్చేసారి చూద్దాం. ముందు దీని సంగతి తేలాలి.

మందు కూరడం, గుండు దించడం, నిప్పంటించడం తెలిసినవే కనుక వదిలేస్తున్నాను.

ఏ వర్ణన చదివినా ఫిరంగుల సంఖ్య కొట్టేసి, పక్కన పెన్సిలుతో 'ఎద్దులు' అని రాసుకోవడం నా అలవాటు. నవాబు పెద్ద ఫిరంగులు 24, 32 పౌండ్ల గుళ్ళు వేసేవి. ఆరడుగుల ఎత్తున్న చెక్క వేదికల మీద ఫిరంగిని, మందును, మనుషులను కలిపి ఎక్కించారు. ఒక్కో వేదికను లాగడానికి 40, 50 జతల ఎద్దులు. వెనక నుంచి నెట్టడానికి ఒక ఏనుగు. 40 జతలంటే 80 ఎద్దులు! ఆ వరుసను గుండ్ల మధ్య పక్కకు మళ్ళించాలి. నడుమ ఒక ఎద్దు కూలిందా, కాడి విప్పి దాన్ని ఈడ్చేదాకా మిగతావన్నీ నిలబడాల్సిందే. ఈలోగా క్లైవు మనుషులు మామిడితోపు గట్టు చాటుకు తప్పుకున్నారు. గుళ్ళు కొమ్మలకు తగిలాయి. 6 పౌండ్ల ఫిరంగినైతే మనుషులే తోసుకుపోగలరు.

మధ్యాహ్నం వాన పడింది. కంపెనీవాళ్ళు మందు మీద టార్పాలిన్లు కప్పారు, నవాబు మందు తడిసింది. నవాబు నమ్మిన సేనాని మీర్ మదన్‌ను బలిగొన్నది ఫిరంగి గుండే. ఆ కబురుతోనే నవాబు బెదిరిపోయాడు. వాన వెలిశాక ఎన్ని ఫిరంగులు పేలగలవో రాసి ఉంటే పూర్తి మార్కులు వేసేవాడిని.

అలాగని చిన్న ఫిరంగే మేలని రాసుకోకండి. 1803 సెప్టెంబరు 23న అస్సాయే యుద్ధంలో మరాఠా పాలకుడు సింధియా ఫిరంగులు కంపెనీ వైపు సేనాని వెల్లెస్లీ తేలిక ఫిరంగుల ఎద్దులను, మనుషులను పడగొట్టాయి. వెల్లెస్లీ తన ఫిరంగులను వదిలేసి పదాతిదళాన్ని బాయినెట్లతో (తుపాకీ కొనకు తగిలించే కత్తులతో) నడిపించాడు. సింధియా ఫిరంగులు యూరప్ పద్ధతిలో పోతపోసినవి, వాటి దగ్గరున్నవాళ్ళు పని తెలిసినవాళ్ళు.

అభ్యాసం: ఆ పదాతిదళం ఫిరంగుల వరుస దాటి ముందుకు పోగానే, చచ్చినట్టు పడి ఉన్న ఫిరంగివాళ్ళు కొందరు లేచి, వెనక నుంచి మళ్ళీ కాల్చారు. కైల్నా, జువా వాగుల మధ్య నేలను పటం గీయండి. దళం నడిచిన దారి, ఫిరంగుల మూతులు ముందు ఎటు, తరువాత ఎటు ఉన్నాయో గుర్తించండి. వరుస దాటేటప్పుడు వెల్లెస్లీ మనుషులు ఏం చేయాల్సిందో, అందుకు ఎంతమందిని వెనక వదలాల్సి వచ్చేదో, అలా వదిలితే ముందున్న దళం ఏమయ్యేదో రెండు పేజీల్లో రాయండి. మొత్తం ఫిరంగులెన్నో రాసిన జవాబు దిద్దను.