మితంగా తాగినా మర్నాడు తల పట్టేస్తుంటే

మద్యం వాసోప్రెసిన్ అనే హార్మోను విడుదలను తగ్గించడం వల్ల మూత్రం ఎక్కువగా పోయి ఒంట్లో నీరు తగ్గుతుంది. మర్నాటి తలనొప్పికి, నాలుక పిడచకట్టుకుపోవడానికి అదొక కారణం కాగా, కడుపులో మంట, చెదిరిన నిద్ర తక్కినవి. అందుచేత జాగ్రత్త మొదటి పెగ్గుకు ముందే మొదలవ్వాలి. పప్పన్నమో పెరుగన్నమో కడుపునిండా తిన్నాక తాగితే మద్యం రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. బారులో పెట్టే కారం పల్లీలు భోజనం కిందికి రావు, పైగా వాటి ఉప్పు దాహం పెంచి మరో పెగ్గుకు పురికొల్పుతుంది. కాలేయం గంటకు సుమారు 30 మిల్లీలీటర్ల విస్కీని మాత్రమే వదిలించగలదు కనుక, ఆ వేగాన్ని మించకుండా, పెగ్గుకూ పెగ్గుకూ మధ్య గ్లాసెడు మంచినీళ్లు తాగాలి. బ్రాందీ, విస్కీ, రమ్ములలోని కంజెనర్లు (మద్యం తయారీలో ఆల్కహాల్‌తో పాటు ఏర్పడి, మర్నాటి బాధను పెంచే ఇతర పదార్థాలు) వోడ్కాలో తక్కువ కాబట్టి, అంతే మోతాదులో వోడ్కా తాగితే బాధ కొంత తగ్గవచ్చు.

తెల్లవారాక లీటరు నీటిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కలుపుకొని కొద్దికొద్దిగా తాగడం, లేదా ఉప్పు, నిమ్మరసం వేసిన పల్చటి మజ్జిగ పుచ్చుకోవడం మంచిది. వికారం తగ్గాక ఇడ్లీ తినవచ్చు. తలనొప్పికి పారాసిటమాల్ కాలేయానికి, ఐబుప్రొఫెన్ కడుపుకు భారం కావచ్చు కనుక నిద్రే మేలైన మందు. కాఫీ మత్తును వదిలించదు. పొద్దున్నే మరో పెగ్గు వేయడం బాధను వాయిదా వేయడమే. వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా, మనిషి లేపినా లేవకపోయినా ఆలస్యం చేయక 108కి ఫోను చేయాలి.