యాంటెన్నా కొనే ముందు తెలియాల్సిన మాటలు

వైర్‌లెస్ లింకులు బిగించడం నా వృత్తి. "ఎంత పెద్ద యాంటెన్నా కొనాలి?" అని చాలామంది అడుగుతారు. డీబీఎమ్, డీబీఐ అంటే తెలిస్తే ఆ లెక్క ఎవరికి వారే వేసుకోగలరు.

ముందు పరికరాల పేర్లు. రూటరు ఒక నెట్‌వర్కును మరో నెట్‌వర్కుతో కలుపుతుంది. యాక్సెస్ పాయింట్ కేబుల్లో వచ్చే నెట్‌వర్కును రేడియో ద్వారా ఫోన్లకూ కంప్యూటర్లకూ అందిస్తుంది. ఇళ్లలో ఉండే డబ్బాలో సాధారణంగా ఈ రెండూ కలిసే ఉంటాయి. రెండు భవనాలను గాలిలో కలిపే జంట పరికరాలు బ్రిడ్జి. రిపీటరు తనకు అందిన సిగ్నల్‌ను మళ్లీ పంపుతుంది. ఒకే రేడియోతో వినడం, పంపడం రెండూ చేసే రిపీటరైతే వేగం దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి, వేరే దారి లేనప్పుడే దాన్ని పెట్టమంటాను.

ఇక అసలు సంగతి. డీబీఎమ్ శక్తికి కొలత. 0 డీబీఎమ్ అంటే 1 మిల్లీవాట్. 3 పెరిగితే శక్తి రెట్టింపు, 10 పెరిగితే పదింతలు. ఆ లెక్కన 20 డీబీఎమ్ అంటే 100 మిల్లీవాట్లు. మనకు అందే సిగ్నల్ చాలా చిన్నది కాబట్టి మైనస్‌లో ఉంటుంది. మైనస్ 50 చక్కటి సిగ్నల్, మైనస్ 80 బలహీనం.

డీబీఐ యాంటెన్నా గెయిన్‌కు, అంటే సిగ్నల్‌ను ఒక వైపుకు ఎంతగా కూడగడుతుందో దానికి కొలత. యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు, ఉన్నదాన్నే ఒక వైపుకు మళ్లిస్తుంది. గాలి ఊదిన బుడగను పైనా కిందా నొక్కితే పక్కలకు సాగినట్టే, నిలువుగా నిలబెట్టిన ఓమ్ని (చుట్టూ అన్ని వైపులా పంపే) యాంటెన్నాలో గెయిన్ పెరిగేకొద్దీ సిగ్నల్ చుట్టూ దూరం పోతుంది, పై అంతస్తుకూ కింది అంతస్తుకూ తగ్గుతుంది. మూడంతస్తుల ఇంటికి ఎక్కువ గెయిన్ ఓమ్ని కొనవద్దని చెప్పేది అందుకే. రూటరు యాంటెన్నా కొనను మీ వైపు గురిపెట్టడం కూడా పొరపాటు. సిగ్నల్ అతి తక్కువగా వెళ్లేది ఆ కొన దిశలోనే.

ఒక వైపే పంపాలంటే ప్యానెల్, యాగి, డిష్ అనే రకాల యాంటెన్నాలు ఉన్నాయి. గెయిన్ పెరిగితే బీమ్ సన్నబడుతుంది, గురి కుదరడం కష్టమవుతుంది. లింకు రెండు చివర్లా పోలరైజేషన్, అంటే తరంగం ఊగే దిశ, ఒకటే ఉండాలి. ఒకటి నిలువుగా, మరొకటి అడ్డంగా ఉంటే సిగ్నల్‌లో 20 డీబీ (డెసిబెల్స్) దాకా పోవచ్చు. అంటే నూరో వంతే మిగులుతుంది.

ఇప్పుడు లెక్క. రేడియో 20 డీబీఎమ్, యాంటెన్నా 8 డీబీఐ, మధ్యలో 5 మీటర్ల సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ అనుకుందాం. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద ఆ కేబుల్ మీటరుకు సుమారు 1 డీబీ మింగేస్తుంది. 20 కూడిక 8 తీసివేత 5, మొత్తం 23 డీబీఎమ్. దీన్నే ఈఐఆర్‌పీ అంటారు. చాలా దేశాల్లో దీనికి చట్టపరమైన పరిమితి ఉంది, బిగించే ముందు అది చూసుకోండి. యాంటెన్నా ఇచ్చిన 8లో 5 కేబులే తినేసిందని గమనించారు కదా! రేడియోను యాంటెన్నా పక్కనే పెట్టి, ఈథర్నెట్ కేబుల్లోనే కరెంటు కూడా పంపే పీఓఈ పద్ధతి వాడితే ఆ నష్టం ఉండదు. ఆ కేబుల్ 100 మీటర్ల దాకా లాగవచ్చు.

దూరపు లింకులో అవతలి భవనం కంటికి కనిపిస్తే సరిపోదు. రెండు యాంటెన్నాల మధ్య గీత చుట్టూ సిగ్నల్ పరుచుకుని వెళ్లే ఫ్రెనెల్ జోన్ అనే ప్రాంతం ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో కిలోమీటరు లింకుకు సరిగ్గా మధ్యలో దాని వ్యాసార్థం సుమారు 5.6 మీటర్లు. ఆ వ్యాసార్థంలో కనీసం 60 శాతం మేర ఖాళీగా ఉండాలి. చెట్లు పెరుగుతాయని కూడా లెక్కలో వేసుకోండి.

చివరగా యాంటెన్నాను రేడియోకో కేబుల్‌కో బిగించే కనెక్టర్లు. ఎస్‌ఎమ్‌ఏ, ఆర్‌పీ-ఎస్‌ఎమ్‌ఏ పైకి ఒకేలా ఉంటాయి, మరలు కూడా కలుస్తాయి. వెలుతురులో లోపలికి చూడండి. లోపలి వైపు మర ఉన్న ఎస్‌ఎమ్‌ఏ ప్లగ్గులో నడిమి సూది ఉంటుంది, ఆర్‌పీ రకంలో ఆ చోట రంధ్రం ఉంటుంది. రెండు వైపులా రంధ్రాలే వస్తే బిగుసుకుంటుంది గానీ, నడిమి తీగ తగలదు.