బ్రౌజర్‌లో డాస్ గేమ్స్: ఓపెన్ చెయ్యడం ఈజీ, తంటా అంతా కీబోర్డ్‌తోనే

డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, వుల్ఫెన్‌స్టైన్, డూమ్... స్కూల్ ల్యాబ్‌లో సార్ అటు తిరగ్గానే ఆడిన డాస్ గేమ్స్ (డాస్ అంటే విండోస్‌కి ముందు పీసీలని నడిపిన సిస్టమ్) అన్నీ ఇప్పుడు ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా బ్రౌజర్‌లోనే ఆడొచ్చు. కానీ చాలామంది ఓపెన్ చేసి రెండు నిమిషాలు గెలికి, కీస్ పనిచెయ్యట్లేదు సౌండ్ రావట్లేదు అని మూసేస్తారు. గేమ్ బానే ఉంటుంది, అదే కీ బ్రౌజర్‌కీ కావాలి గేమ్‌కీ కావాలి, అక్కడొస్తుంది గొడవ.

ముందు ఎక్కడ దొరుకుతాయో చెప్తా. పాత వెబ్ పేజీలు, పుస్తకాలు, సాఫ్ట్‌వేర్ దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్‌లో 2015 జనవరిలో దాదాపు 2,400 డాస్ గేమ్స్ పెట్టారు, తర్వాత ఇంకా చాలా వచ్చి చేరాయి. గేమ్ పేరు వెతికి, ఆ పేజీలో బొమ్మ మీద కనబడే పవర్ బటన్ నొక్కితే కాసేపటికి మొదలైపోతుంది. డాస్ జోన్ అని ఇంకోటి ఉంది, అది జేఎస్ డాస్ అనే బ్రౌజర్ ప్లేయర్ మీద నడుస్తుంది. రెండిట్లోనూ లోపల ఉండేది డాస్‌బాక్స్ ఎమ్యులేటరే, అంటే ఒక పాత పీసీ మొత్తం ఆ ట్యాబ్‌లో నడుస్తుందన్నమాట. ఫ్రీగా దొరికాయి కదా అని అన్నిటికీ కాపీరైట్ పోయిందనుకోకండి. ఆ గోల వద్దనుకుంటే షేర్‌వేర్ వెర్షన్లు (గేమ్‌లో కొంత భాగాన్ని తయారుచేసినవాళ్లే ఫ్రీగా ఇచ్చేవి) ఆడండి, డూమ్ మొదటి ఎపిసోడ్‌ని 1993లో ఆ గేమ్ చేసినవాళ్లే ఫ్రీగా పంచారు, తొమ్మిది లెవెల్స్, వారమంతా సరిపోతుంది.

లోడ్ అయ్యాక గేమ్ స్క్రీన్ మీద ఒకసారి క్లిక్ చెయ్యండి. క్లిక్ చెయ్యకపోతే కీస్ గేమ్‌కి వెళ్లవు, సౌండ్ కూడా రాదు, ఎందుకంటే మీరు ఏదో ఒకటి నొక్కేదాకా బ్రౌజర్లు సౌండ్‌ని ఆపి ఉంచుతాయి. సౌండ్ కార్డ్ ఏదని గేమ్ అడిగితే సౌండ్ బ్లాస్టర్, అడ్రస్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 పెట్టండి, డాస్‌బాక్స్‌లో మామూలుగా ఉండేవి ఇవే.

ఇప్పుడు కీబోర్డ్. ప్రిన్స్‌లో అన్నిటికీ షిఫ్టే, అంచు పట్టుకోవాలన్నా, జాగ్రత్తగా ఒక్కో అడుగు వెయ్యాలన్నా, కత్తితో కొట్టాలన్నా. విండోస్‌లో షిఫ్ట్ వరసగా ఐదుసార్లు కొడితే స్టిక్కీ కీస్ బాక్స్ వచ్చి కూర్చుంటుంది, సరిగ్గా కత్తి యుద్ధం మధ్యలో! ఆడేముందే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లోకి వెళ్లి ఆ షార్ట్‌కట్ ఆపెయ్యండి. డేవ్‌లో జెట్‌ప్యాక్‌కి ఆల్ట్ వాడాలి, విండోస్ బ్రౌజర్‌లో ఆల్ట్, ఎడమ బాణం కలిపితే వెనక పేజీకి వెళ్లిపోయే ప్రమాదం ఉంది, అందుకని ఆల్ట్ వదిలాకే బాణం నొక్కండి. డూమ్‌లో కాల్చడానికి కంట్రోల్. మ్యాక్‌లో కంట్రోల్, పక్క బాణం కలిస్తే డెస్క్‌టాపే మారిపోతుంది. ఇంకొందరు ఇప్పటి గేమ్స్ అలవాటుతో నడవడానికి డబ్ల్యూ పెట్టుకుంటారు, కంట్రోల్ డబ్ల్యూ అంటే ట్యాబ్ క్లోజ్, దయ్యాలు చంపక్కర్లేదు మీరే చచ్చిపోతారు. కాల్చడం మౌస్ మీదకి మార్చేసుకోండి.

ఫుల్ స్క్రీన్‌లో ఇంకో తిరకాసు ఉంది. ప్లేయర్‌లో ఉండే ఫుల్ స్క్రీన్ బటన్ వాడితే ఎస్కేప్ నొక్కగానే చిన్నదైపోతుంది, పాత గేమ్స్‌లో మెనూ వచ్చేదేమో ఎస్కేప్‌తోనే. దానికి బదులు గేమ్ స్టార్ట్ చెయ్యకముందే ఎఫ్11 కొట్టి, కంట్రోల్ ప్లస్‌తో పేజీ జూమ్ చేసుకుంటే ఈ బాధ ఉండదు. బొమ్మ మసగ్గా ఉందని తిట్టుకోకండి, అసలు సైజే 320 బై 200, పైగా పాత 4:3 మానిటర్‌కి గీసినవి, వైడ్ స్క్రీన్ నిండా సాగదీస్తే ప్రిన్స్ లావైపోతాడు.

గేమ్ మరీ పరిగెడుతుంటే కంట్రోల్ ఎఫ్11తో స్పీడ్ తగ్గుతుంది, కంట్రోల్ ఎఫ్12తో పెరుగుతుంది. ల్యాప్‌టాప్ అయితే ఎఫ్ఎన్ కూడా నొక్కాల్సి రావచ్చు. అది పనిచెయ్యకపోతే ప్లేయర్ సెట్టింగ్స్‌లో సైకిల్స్ (ఎమ్యులేటర్ స్పీడ్) అని ఏమైనా ఉందేమో చూడండి.

సేవ్ సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. ఆర్కైవ్‌లో గేమ్ లోపల సేవ్ చేసినా ట్యాబ్ మూస్తే పోయిందనే అనుకోండి, రిఫ్రెష్ చేసినా అంతే. ప్రిన్స్ మొత్తం 60 నిమిషాల గేమే కాబట్టి ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది (అవుతుందని ఆశ). పెద్ద గేమ్స్ అయితే సేవ్‌ని బ్రౌజర్‌లో దాచే జేఎస్ డాస్ లాంటిది బెటర్, కాకపోతే హిస్టరీతో పాటు సైట్ డేటా కూడా క్లియర్ చేస్తే అదీ పోతుంది, ఇన్‌కాగ్నిటోలో అసలు ఆడొద్దు.

ప్రిన్స్‌లో మొదటి లెవెల్ అయ్యాక సీసాలున్న గది వచ్చి, మాన్యువల్‌లో ఫలానా పేజీ ఫలానా లైన్‌లో మాట మొదటి అక్షరం ఉన్న సీసా తాగమంటే కంగారు పడకండి, అది అప్పటి పైరసీ తాళం. మాన్యువల్ స్కాన్ ఇంకో ట్యాబ్‌లో రెడీగా పెట్టుకోండి. ఫోన్‌లో ఆడదామనుకునేవాళ్లకి జేఎస్ డాస్‌లో స్క్రీన్ మీదే బటన్లు వస్తాయి, డేవ్ దాకా పర్లేదు, ప్రిన్స్‌కి మాత్రం ఓటీజీ పెట్టి మామూలు కీబోర్డ్ తగిలించుకోండి.